ఆవిడ బోణీ చేసిన వంద డాలర్లు

నా భార్యను బెదిరించి డబ్బు రాబట్టానని ఒక ఆన్‌లైన్ పేకాట కంపెనీ నా గురించి రాసిపెట్టుకుంది. ఆ మాట అబద్ధం. రాసినవాడు నన్ను చూడలేదు, నా భార్యను చూడలేదు, మా ఇంటి గుమ్మం తొక్కలేదు. ఫోనులో పదకొండు నిమిషాలు విని తేల్చేశాడు. అతను తేల్చినందుకు నాలుగు వేల రెండు వందల డాలర్లు ఆగిపోయాయి. ఆ డబ్బుతో ఆవిడ చెవులకు మిషన్లు కొనాలి. ముప్పై రోజుల్లో సరైన సంజాయిషీ రాకపోతే ఖాతా మూసేస్తామనీ, అందులో ఉన్నది జప్తు అయిపోతుందనీ కబురు పెట్టారు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ. దానివల్ల నాకు మేలు జరిగిన సందర్భాలు తక్కువే.

ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని. బెజవాడ ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పని నేర్చుకున్నాను. ఆ పనే నన్ను కెనడాలో ఈ కాల్గరీకి తీసుకొచ్చింది. చమురు బావుల్లోకి దించే పైపులకు మరలు కోసే వర్క్‌షాపులో ముప్పై ఒక్క ఏళ్లు నిలబడి పనిచేశాను. ఇంగ్లీషు నాకు దినపత్రిక నేర్పింది. లెక్కలు లైబ్రరీ నేర్పింది. రిటైరయ్యాక, ఇంటికి వచ్చిపడే సూపర్‌మార్కెట్ ప్రకటన కాగితాల వెనక పెన్సిలుతో లెక్కలు వేసి, యాభై రెండు ముక్కల్లో ఏ ముక్క పడటానికి ఎంత వీలుందో ఎవరి సాయమూ లేకుండా తేల్చుకున్నాను. ఆ తర్వాతే పోకర్ జోలికి వెళ్లాను. పేకంటే అదృష్టం అనే మనిషితో ఇప్పటికీ నేను గంటసేపు వాదించగలను.

అలాంటివాణ్ని, ఆటకు మొదటి డబ్బు వేసే దగ్గరికి వచ్చేసరికి బోణీ చూశాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

ఆటోనగర్‌లో మా ఓనరుకు, పొద్దున తాళం తీశాక మొదటి రూపాయి ఎవరి చేతి మీదుగా వస్తుందన్నది పెద్ద విషయం. అరువు బేరంతో ఎవడైనా వస్తే "బోణీ కాలేదు, తర్వాత రా" అని గుమ్మంలోనే తిప్పి పంపేవాడు. ఎదురుగా టీ అమ్మే ఆవిడ చెయ్యి మంచిదని ఆయన నమ్మకం. బేరం లేని రోజుల్లో ఆవిడను పిలిచి, తన రూపాయే ఆవిడ చేతికిచ్చి, గల్లాలో వేయించుకునేవాడు. నేను అవన్నీ చూస్తూ పెరిగాను. తర్వాత చదువుకున్న లెక్కలు వాటిని నాలోంచి తుడిచెయ్యలేదు.

మా ఇంట్లో ఆ చెయ్యి నా భార్యది. ఈ ఇంటికి అడ్వాన్సు చెక్కు ఆవిడ చేత్తోనే ఇప్పించాను. కొత్త కారు తాళాలు ముందు ఆవిడే పట్టుకుంది. కాబట్టి పోకర్ ఖాతా తెరిచిన రోజున కూడా నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లాను. ఆవిడ వంటింట్లో గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది.

"ఇదిగో, నీ బ్యాంకు ఖాతాలోంచి ఒక వంద వెయ్యి. మళ్లీ అడగను."

"దేనికి?"

"పేకకి."

"మీకు పెన్షన్ వస్తోందిగా. మీదాంట్లోంచే వేసుకోండి."

"నీ చేత్తో వేస్తే కలిసొస్తుంది."

"ఇన్నేళ్లు నా చేత్తో వండినవి తింటే వచ్చిన కలిసిరావడం చాల్లేదా? నేను వెయ్యను. మీరు పేకాడటమే నాకు ఇష్టం లేదు."

మర్నాడు మళ్లీ అడిగాను. మళ్లీ వద్దంది. మూడో రోజు కాఫీ తాగుతూ అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెయ్యి తుడుచుకుని ఫోను తీసుకుంది.

"పోతే నా మీద పడి ఏడవకూడదు."

"ఏడవను."

"మరి వస్తే? నాకేమిటి?"

"నీకేం కావాలో చెప్పు."

"అప్పుడు చెబుతాను లెండి."

ఆవిడకు వేరే ఖాతా ఎందుకుందో చెప్పాలి. ఆస్పత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. దుప్పట్లు ఉతికే మిషన్లు గది పొడుగునా ఉండేవి. ఉద్యోగంలో చేరిన రోజున జీతం వేయడానికి ఖాతా కావాలంటే తన పేరున తెరిచింది. దాన్ని ఇద్దరి పేరున మార్చుకోవాలన్న ఆలోచన మాకు ఎప్పుడూ రాలేదు. నా జీతం ఎలాగూ ఆవిడ చేతికే వచ్చేది. ఆ మిషన్ల హోరే ఆవిడ చెవులు తినేసిందని తర్వాత చెవుల డాక్టరు చెప్పాడు.

ఆ వంద మీదే మూడేళ్లు ఆడాను. ఇంకో డాలరు వెయ్యలేదు. పొద్దున టిఫిన్ అయ్యాక కంప్యూటర్ ముందు రెండు గంటలు, అన్నింటికన్నా చిన్న బల్లల దగ్గర, పందెం పైసల్లోనే. మంచి ముక్కలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడమే నా ఆట. మరలు కోసినవాడికి ఓపిక గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. వంద అలా అలా నాలుగు వేల రెండు వందలైంది.

ఈలోగా ఆవిడకు వినికిడి బాగా తగ్గిపోయింది. ముందు టీవీ గట్టిగా పెట్టేది. తర్వాత పెట్టడమే మానేసింది. టొరంటో పక్కన మార్కమ్‌లో ఉన్న మా అమ్మాయి ఫోను చేస్తే "అంతా బాగున్నాం, నువ్వు తిన్నావా" అనేసి నా చేతికి ఇచ్చేసేది. డాక్టరు పరీక్ష చేసి రెండు మిషన్లు కావాలన్నాడు. ప్రభుత్వం ఇచ్చేది పోను మేము పెట్టుకోవలసింది ఎంతో చెప్పాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

"అంత డబ్బు చెవుల్లో పెట్టుకు తిరుగుతానా? వద్దు."

అప్పుడు నాకు ఆ కాఫీ నాటి మాట గుర్తొచ్చింది. "వస్తే నాకేమిటి అన్నావుగా. వచ్చింది" అని ఆవిడ చెవి దగ్గర అరిచి చెప్పాను. ఎంత వచ్చిందో కాగితం మీద రాసి చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆ అంకె రెండుసార్లు చదివింది.

"మీ పేక డబ్బా? అయితే సరే. అది ఇంటి డబ్బు కాదుగా."

ఆ మధ్యాహ్నమే మొత్తం విత్‌డ్రా చేయమని కోరాను. మూడేళ్లలో అదే మొదటిసారి. నా లైసెన్సు ఫోటో అడిగారు, పంపాను. ఇంటి కరెంటు బిల్లు అడిగారు, పంపాను. వారం తర్వాత జవాబు: డబ్బు వేసిన ఖాతా మీ పేరున లేదు, మూడో మనిషి డబ్బుతో ఆడటం నిషేధం, ఆ మనిషితో మేము ఫోనులో మాట్లాడాలి. మా ఇంట్లో ఉన్నది ఇద్దరం. అందులో ఒకరిని మూడో మనిషిని చేశారు. వంద తీసుకున్న రోజున ఈ ప్రశ్న లేదు. మూడేళ్లు నా పందేల్లో తమ వాటా కోసుకున్నప్పుడూ లేదు. డబ్బు లోపలికి వెళ్లే తలుపుకు తాళం ఉండదు, బయటికి వచ్చే తలుపు దగ్గర మాత్రం మనిషిని నిలబెడతారు.

చెప్పిన రోజున చెప్పిన వేళకే ఫోను వచ్చింది. మాట్లాడినవాడు కుర్రవాడిలా ఉన్నాడు, మర్యాదగానే ఉన్నాడు. ఫోను స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాను. ఆ డబ్బు మీ ఇష్టంతోనే ఇచ్చారా మేడమ్ అని ఇంగ్లీషులో అడిగాడు. ఆవిడ నా వైపు చూసింది.

"ఏమంటున్నాడు?"

"నీ ఇష్టంతోనే ఇచ్చావా అంటున్నాడు! అవునని చెప్పు!" అని అరిచాను. మామూలుగా చెబితే ఆవిడకు వినపడదు.

"సర్, ప్లీజ్, ఆవిడనే చెప్పనివ్వండి" అన్నాడు అతను.

"ఆవిడకు వినపడదయ్యా" అన్నాను. అతను మళ్లీ అదే ప్రశ్న అదే గొంతుతో అడిగాడు. ఆవిడ మళ్లీ నా వైపే చూసింది. నేను మళ్లీ అరిచాను.

నా భార్య అబద్ధం ఆడదు. అది నాకు తెలిసిన సంగతే, ఆ క్షణంలో గుర్తులేదు. ఫోను మీదికి వంగి, లాండ్రీలో నేర్చుకున్న ఇంగ్లీషులో నిదానంగా చెప్పింది:

"ఫస్ట్ టైమ్, నో. సెకండ్ టైమ్, నో. థర్డ్ టైమ్, ఓకే."

అవతల టైపు కొడుతున్నట్టు వినిపించింది.

డబ్బు ఆపడానికి కారణం చెప్పమని పట్టుబడితే వాళ్లు ఆ కుర్రవాడు రాసుకున్నది పంపారు. డబ్బు ఇవ్వడానికి తాను రెండుసార్లు నిరాకరించినట్టు ఆమె చెప్పింది. ఖాతాదారు పక్కన నిలబడి కేకలు వేస్తూ జవాబులు చెప్పించడం వినిపించింది. ఒత్తిడి జరిగినట్టు అనుమానం. దాంతోపాటు ఒక ఫారం. ఆ వందతో గానీ దానివల్ల వచ్చిన గెలుపుతో గానీ నాకు ఏ సంబంధమూ లేదు, వాటి మీద ఏ హక్కూ లేదు అని ఆవిడ సంతకం పెట్టాలట. పెడితే ఫైలు మళ్లీ చూస్తారట.

అమ్మాయికి ఫోను చేశాను.

"నాన్నా, అది స్టాండర్డ్ ఫారం. అమ్మతో సైన్ చేయించి పంపెయ్. ఇట్స్ నాట్ ఎ బిగ్ డీల్. అసలు మీకు జాయింట్ అకౌంట్ ఎందుకు లేదు?"

ఫారంలో ఉన్నది తెలుగులో రాసి ఆవిడ ముందు పెట్టాను. చదివి కాగితం వెనక్కి నెట్టింది.

"నా డబ్బు నాది కాదని రాయనా?"

"ఊరికే కాగితం కోసమే" అని ఆవిడ చెవి దగ్గర గట్టిగా అన్నాను.

"వద్దు వద్దంటుంటే మీ కోసం ఇచ్చాను. ఇప్పుడు ఇచ్చినదానికి సంబంధం లేదనమంటారు. నేను పెట్టను."

"నీ చెవుల కోసమే గదా!"

"వినపడకపోతే పోయింది లెండి" అని లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మూడు వారాలు నేను ఉత్తరాలు రాశాను. ఒక్కోటి ఆరేసి పేజీలు. నిఘంటువు పక్కన పెట్టుకుని, న్యాయమంటే ఏమిటో, పరువంటే ఏమిటో, అర్ధశతాబ్దం కలిసి కాపురం చేసిన మనిషిని బెదిరించాననడం ఎంత నీచమో రాశాను. ప్రతిదానికీ ఒకే జవాబు, మీ సందేశం అందింది అని మిషను పంపేది.

నాలుగో ఉత్తరం రాస్తుంటే ఆవిడ వెనక నిలబడింది.

"ఎన్ని రాశారు?"

నాలుగు వేళ్లు చూపించాను.

"గొడవ నా గురించే కదా. నాలుగింటిలో ఒక్కదానికైనా నన్ను అడిగారా, ఏం రాయాలో?"

పెన్ను పక్కన పెట్టాను. ఆవిడ ఎదురుగా కూర్చుని, నా చేతిలో కాగితం లాక్కుని, తెలుగులో రాసింది. ఆవిడ దస్తూరీ నాదానికన్నా బాగుంటుంది. రాసింది ఇంతే:

"అయ్యా, ఆ వంద డాలర్లు నావే. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికి దాచుకున్నవి. ఆయన పేకాడటం నాకు ఇష్టం లేదు, ఆ మాట అప్పుడే చెప్పాను. మూడుసార్లు అడిగారు. మూడోసారి ఇచ్చాను. బెదిరించలేదు. బెదిరిస్తే ఇచ్చే మనిషిని కాను. ఫోనులో అరిచింది నాకు వినపడదని. అరవకపోతే ఆయన మాట నాకు అందదు. గెలిచిన దాంతో నాకు సంబంధం లేదని రాయమన్నారు, అది రాయను. ఆ డబ్బు ఆయన చేతికి ఇవ్వండి. ఆయన నా చేతికి ఇస్తారు. మా ఇంట్లో ఎప్పుడూ అలాగే జరిగింది."

దాన్ని ఇంగ్లీషు చేయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. మూడుసార్లు అడిగారు అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. అది తీసేస్తే ఉత్తరం బలంగా ఉంటుంది. తీసేస్తే కంపెనీకి తెలియదు, ఆవిడకూ తెలియదు. అప్పుడు ఆ మూడో రోజు కాఫీ జ్ఞాపకం వచ్చింది. ఆవిడ కప్పు వైపు చూస్తూ ఎంతసేపు మాట్లాడకుండా ఉందో, నేను లేచి వెళ్లకుండా ఎలా కూర్చున్నానో గుర్తొచ్చింది. బెదిరించలేదు. ఆ మాట మీద ఎవరి ముందైనా నిలబడతాను. కానీ ఒకసారి వద్దన్న మనిషిని మూడుసార్లు అడిగాను. ఆ వాక్యం ఉన్నది ఉన్నట్టే ఇంగ్లీషులో పెట్టాను. నా నాలుగో ఉత్తరం చింపేసి, ఆవిడ రాసిన కాగితమూ దాని అనువాదమూ మాత్రం పంపాను. అప్పటికి ముప్పై రోజుల గడువులో ఇరవై నాలుగు రోజులు గడిచాయి.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దున జవాబు వచ్చింది. ఈసారి మిషను రాసింది కాదు. నేను గట్టిగా చదవబోతే ఆవిడ వారించి, తెలుగులో రాసివ్వమంది. రాసిచ్చాను:

"మీ భార్యగారి ఉత్తరం, మీ అనువాదం అందాయి. ఆ ఉత్తరాన్ని మా దగ్గర తెలుగు చదవగలిగిన ఒకరికి ఇచ్చి, అనువాదం ఒక్క వాక్యం కూడా వదలకుండా ఉందని నిర్ధారించుకున్నాం. ఫారం మీద ఇక సంతకం అవసరం లేదు. మా నిబంధన ప్రకారం వంద డాలర్లు వచ్చిన ఖాతాకే, అంటే ఆవిడకే, తిరిగి వెళతాయి. మిగిలింది మీ పేరున ఉన్న ఖాతాకు ఈ రోజే పంపుతున్నాం. ఫోను సంభాషణ గురించి మా ఉద్యోగి రాసిన గమనికను చెరిపే వీలు మాకు లేదు. దాని కిందనే ఆవిడ ఉత్తరాన్ని జతచేశాం, ఇకపై ఆ రెండింటినీ కలిపే చదువుతారు. మీ భార్యగారిని మేము మళ్లీ ఏదైనా అడగవలసి వస్తే ఫోను చేయం. రాసి అడుగుతాం."