లొట్టపీసు కంచె

కొల్లేటి పక్షుల కోసం కాదు, మేకల కోసం బయల్దేరాను. మండవల్లి దగ్గర చేపల చెరువున్న మా అక్క మేరీ ఫోన్ చేసింది. రెండు మేకలకి తల వణుకుతోంది, కాళ్ళు తడబడుతున్నాయి. పక్క చెరువు రహీమ్ గారు నీళ్ళలో ఏదో మందు కలిపారని ఆమె అనుమానం. సాయంత్రం పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెడతానంది. పశువుల డాక్టరు మాత్రం ఏం మేస్తున్నాయో చూడమన్నారట. దారి పక్క మొక్కల పేర్లు వెతకడం నా అలవాటు, అందుకే నన్ను రమ్మంది.

పొద్దున్నే తాడేపల్లిగూడెంలో రైలెక్కి, ఏలూరులో దిగి కైకలూరు బస్సు పట్టుకున్నాను. అక్కణ్ణుంచి గంట పైనే ప్రయాణం. కిటికీ పక్క సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాను. కైకలూరులో ఆటో డ్రైవరు "కొంగల్ని చూట్టానికాండీ?" అని అడిగాడు. మేకల్ని అన్నాను. "మేకల కోసం గూడెం నుంచొచ్చారాండీ" అని దారంతా అద్దంలో నన్నే చూశాడు.

నేను చేరేసరికి చిన్న మేక చెరువు గట్టు మీద పడుకునే ఉంది. గట్టు పొడవునా లేత ఊదా గరాటు పూల కంచె. మేక మూతి అందినంత ఎత్తు వరకు దానికి ఆకు లేదు. వానలకి గడ్డి మునిగాక ఇదే మేసినట్టున్నాయి.

"అది తూటికూరే కదమ్మా. మనం వండుకోమా?" అన్నారు బావగారు.

కాలవలోంచి తూటికూర తీగ లాగి కంచె కొమ్మ పక్కన పెట్టాను. పువ్వు ఒకే తీరు, రెంటికీ పాలు కారతాయి. కానీ తూటికూర నీటి మీద పాకుతుంది, కణుపు కణుపుకీ వేళ్ళుంటాయి, ఆకు బాణం మొనలా ఉంటుంది. కంచెది మనిషెత్తు నిలబడ్డ లొట్టపీసు. మొదలు కర్రలా గట్టి, ఆకు పెద్ద తమలపాకంత, పూలు కొమ్మ చివర గుత్తిగా. మేకలకి విషం.

రహీమ్ గారితో తగాదా వచ్చినప్పుడు బావగారే నాటిన కంచె అది. "పీకేస్తే గట్టు ఎక్కడిదాకా మనదో ఎవరు చెప్తారు?" అన్నారు.

"మేకలు పోయాక గట్టెందుకండీ మనకి?" అంది అక్క.

ఆయన కత్తి తెచ్చారు. సగం కొట్టేసరికి అవతల రహీమ్ గారు వచ్చి నిలబడ్డారు. "ఏవండీ, మీ హద్దు మీరే తీసేస్తున్నారు?"

అక్క తలొంచుకుని కొట్టిన కొమ్మలు పక్కకి లాగింది. "మా మేకలకి పడట్లేదండీ" అంది. మందు మాట ఎత్తలేదు. రహీమ్ గారు తన వైపు పడ్డ కొమ్మలు నీళ్ళలో మళ్ళీ మొలవకుండా ఏరి కుప్ప వేశారు.

నేను బయల్దేరేసరికి పెద్ద మేక అక్క తెచ్చి వేసిన గడ్డి ముట్టింది, చిన్నది లేవలేదు. పెద్దమనుషుల దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. ఆ గట్టు ఎవరిదని రేపు మళ్ళీ మాట రావచ్చు. తిరుగు బస్సులో దారి పొడవునా అవే పూలు. వాటి కింద మేకలున్నాయా అని ప్రతి గట్టూ చూస్తూనే ఉన్నాను.

ఈ వైపు మొక్కలు చూడటానికి వచ్చేవాళ్ళు పువ్వు ఫొటోతో ఆగకండి. కణుపు, ఆకు, కాండం నిలబడిందా పాకిందా, అవీ తీయండి. కోసిన కొమ్మ మాత్రం గట్టు మీద వదిలెయ్యకండి.