సూరిబావ వేళ్ళకు తెలియని వణుకు

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే పక్క ఎస్‌టీడీ బూత్ ఆయన పరిగెత్తుకొచ్చాడు. భన్‌పురి ఫ్యాక్టరీ నుంచి ఫోన్.

మా అక్క భర్త సూరిబావ ఇక లేడు.
ఇనుము అరగదీసే గ్రైండింగ్ వీల్ పగిలి, ముక్క గుండెల్లో దిగిందట.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. ఏడుపు కూడా రావడం లేదు. ఒళ్ళు మండిపోతోంది.

ఇక్కడి తెలుగువాళ్ళం మెయిళ్ళు రాసుకునే మన ఈ-గ్రూప్‌లో ఆయన తెలియనివాళ్ళు లేరు. నా వీడియో గేమ్ షాపులో ఏది పాడైనా డ్యూటీ అయ్యాక వచ్చి బాగుచేసేది ఆయనే. పోయిన చలికాలం బొంబాయి నుంచి సెకండ్ హ్యాండ్ వర్చువల్ రియాలిటీ సెట్ ఒకటి తెచ్చాను. కళ్ళకు హెల్మెట్, చేతికి కంట్రోలర్. గేమ్‌లో గోడను గుద్దితే కంట్రోలర్ వణకాలి. వణకలేదు.

బావ విప్పి చూశాడు.

"సూడరా, ఇందల చిన్న మోటారుంది. దాని ఇరుసుకి ఒకపక్కే బరువెట్టినారు. తిరిగితే ఊగిపోతాది. ఆ ఊపుకి నీ చెయ్యి నిజంగా గోడ తగిలిందనుకుంటాది. బస్, ఇంతే!"

తెగిన వైరు అతికించి, కంట్రోలర్‌ను చెంపకు ఆనించుకుని చూశాడు. నేను పగలబడి నవ్వాను. ఫోననుకున్నావా బావా అన్నాను.

ఆయన నవ్వలేదు. "వేళ్ళకి తెలట్లేదురా" అన్నాడు.

పద్నాలుగేళ్ళు చేతి గ్రైండర్ పట్టి పట్టి, ఆ అదురుకు వేళ్ళు మొద్దుబారిపోయాయి. చలికి తెల్లగా పాలిపోయేవి. డాక్టర్ దగ్గరికి పద అంటే వినలేదు. "ఆయన నాను పనికిరానని రాసిచ్చేస్తే నౌకరీ పోద్ది. మీ అక్కకి సెప్పకు" అని ఒట్టు వేయించుకున్నాడు.

నేను ఆ ఒట్టు నిలబెట్టుకున్నాను. వెధవని.

నిన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర సూపర్‌వైజర్ నాతో ఏమన్నాడో తెలుసా?

"అరే, వీల్ ఇత్నా హిల్ రహా థా, ఉస్‌కో పతా నహీ చలా?"

వీల్ అంతగా ఊగుతుంటే ఆయనకు తెలియలేదా అని!

తెలియదయ్యా. వీల్ బీటవారితే ముందు చేతికే తెలుస్తుంది. ఆ చేతుల్ని తినేసింది మీ మిషన్లే. మరి ఊగడం నీ కళ్ళకు కనిపించింది కదా, స్విచ్ ఎందుకు ఆపలేదు?

వాడి కాలర్ పట్టుకున్నాను. మనవాళ్ళే విడిపించారు.

భన్‌పురి, ధర్సీవా ఫ్యాక్టరీల్లో మిషన్ పట్టే మనవాళ్ళు ఎందరో ఉన్నారు. వేళ్ళు తెల్లబడుతుంటే దాచకండి. ఇంట్లో చెప్పండి. నాలాంటివాడితో ఒట్లు వేయించుకోకండి.

ఈ పొద్దున అక్కకు అంతా చెప్పేశాను. అక్క ఒక్కటే మాట అంది.

"అప్పుడే సెప్పుంటే ఆ నౌకరీ నానే మానిపించేదాన్ని కదరా."

ఇంకేం మిగిలింది అనడానికి?

బావా, నీ మీదా కోపంగానే ఉంది.
అయినా వెళ్ళిరా. ప్రశాంతంగా పడుకో.