మడి కట్టుకున్న మచ్చ

రామాంజులుకు అబద్ధం చెప్పడం చేతకాదు. ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబులో ఇరవై ఆరేళ్లుగా అటెండరు. సీసా పగిలితే ఎవరూ అడక్కముందే ప్రిన్సిపాలు గదిలోకి పోయి ఒప్పుకునే రకం. అలాంటి మనిషి ఒక దేవతను పుట్టించాడంటే, దానికి లెక్చరర్ మసరత్ మేడమే కారణం.

మైలవరం దారిలో, రామాంజులు వాళ్ల ఊరి బస్సు ఆగేచోట, నల్లబండ మీద అరచేయంత బూడిదరంగు మచ్చ ఉంది. "ఇది మరక కాదన్నా, ప్రాణమున్నది. నాచూ బూజూ కలిసి కాపురం చేస్తాండాయి. లైకెన్ అంటారు" అని చెప్పిందామె. ఎనిమిదేళ్లుగా ప్రతి జనవరిలో వచ్చి, అది ఎంత పెరిగిందో కొలుచుకుని పోతోంది. "ఇంకొక్క కొలతతో నా పరిశోధన అయిపోతుంది. అంతవరకూ నువ్వే కాపాడాల."

కాపాడటం అంత సులువా? బస్సు కోసం వచ్చినవాళ్లు దాని పక్కనే బీడీలు నలిపేవాళ్లు, సున్నం వేళ్లు తుడిచేవాళ్లు. బండ వెనక చేసే పని రాయకూడదు. ముట్టుకోవద్దని బతిమాలితే, "నీ మచ్చకు ఆధార్ కార్డుండాదా మామా?" అని నవ్వారు.

ఒకరోజు తెల్లారేసరికి బండ అడుగున, మచ్చకు జానెడు దూరంలో, మూడు కుంకుమ బొట్లు వెలిశాయి. ఆ పూటనుంచే బీడీలు బందు. రామాంజులు వారం రోజులు హాయిగా నిద్రపోయాడు.

శుక్రవారం నాడు, పక్కనే టీ కొట్టు పెట్టుకున్న రాజమ్మ నూనె గిన్నె, పసుపు ముద్ద పట్టుకుని బండ ముందు కూర్చుంది.

"ఏం చేస్తాండావక్కా?"

"అమ్మ మొగం ఎండి పొరలు లేస్తాండాది. నూనె పెట్టి పసుపు రుద్దితే నున్నగైతాది."

రామాంజులు చిక్కులో పడ్డాడు. నిజం చెబితే బీడీలు మళ్లీ వస్తాయి. చెప్పకపోతే ఎనిమిదేళ్ల కొలతలు పసుపులో కలుస్తాయి.

"ఆ యమ్మకు మడి ఎక్కువక్కా. ముట్టుకోకూడదు."

"నూనె గూడా పడదా?"

"నూనె, నీళ్లు, టెంకాయ, ఏవీ పడవు."

"మరేం కావాలంట?"

"ఊరికే వదిలేయాల."

రాజమ్మ గిన్నె మూత పెట్టింది. "ఇంత ఖర్చు లేని దేవతను నేను యాడా చూల్లేదప్పా."

జనవరిలో మసరత్ మేడం స్కేలు, భూతద్దం పట్టుకుని వచ్చింది. రాజమ్మ అడ్డం నిలబడింది. "చెప్పులు ఆడ ఇడిసి రా మేడం. ముట్టుకోవాకు. మడి."

మేడం రామాంజులు వైపు చూసింది. ఆయన రాని బస్సు కోసం రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆమె చెప్పులు విడిచి, మోకాళ్ల మీద కూర్చుని, స్కేలు మచ్చకు తగలకుండా పైన పట్టుకుని కొలిచింది. అంచు ఎక్కడా చెదరలేదు.

"పెరిగిందా?" అంది రాజమ్మ.

"అర మిల్లీమీటరు."

రామాంజులు ఇక ఆగలేకపోయాడు. "అక్కా, ఆ బొట్లు నేనే పెట్టినా."

"మీ ఇంటి కుంకుమ రంగు నాకు తెలీదా? ఎవురు పెడితే ఏంది, పెట్టినాక అమ్మే గదా" అంటూ రాజమ్మ టీ గ్లాసు అతని చేతికిచ్చింది. "మేడానికియ్యి. దూరంగా కూచోని తాగమను."