ఎడమచేతి గేరు రాడ్డు

మా డ్రైవరు మావయ్య పోయారని అమ్మ ఫోను చేసినప్పుడు నేను గుడివాడలో, పాఠాలు చెప్పే కాలేజీ వరండాలో ఉన్నాను. "మావయ్య ప్రభువు దగ్గరికెళ్ళిపోయాడే. పొద్దున కాఫీ తాగుతా తాగుతానే. మీ వదిన చెయ్యి పట్టుకునే ఉందంట" అంది. ఆ చివరి మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఏడుపు కంటే ముందు అసూయ వచ్చింది. ఆఖరికి ఆ చెయ్యి కూడా ఆమెకే దొరికింది.

ఆయన మాకు చుట్టం కాదు. మొవ్వ అవతల మా ఊళ్ళో పక్కింటివారు. బందరు నుంచి దివిసీమ వైపు బస్సు నడిపి రిటైరయ్యారు. ఆయన కూతురు నాకంటే ఆర్నెల్లు పెద్ద, అందుకని వదిన. మా ఇంట్లో బడి మొహం చూసినదాన్ని నేనే మొదట. మా నాన్న దృష్టిలో సైకిలున్నది గడ్డిమోపు మోయడానికి. మావయ్య దృష్టిలో సైకిలంటే చిన్న బస్సు.

మేమిద్దరం పది పాసైన వేసవిలో ఆయన వదిన కోసం గేర్ల సైకిలు తయారు చేయడం మొదలుపెట్టారు. ఒక పాత ఫ్రేము, ఇంకో సైకిలు చక్రాలు, బందరులో పాత సామాన్ల కొట్లో ఏరిన గేర్లు. ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా?

"ఇక్కడ కొండలెక్కడున్నయ్యి డ్రైవరుగారూ, గేర్లు పెడుతున్నారు?"

"గాలి లేదటండీ? సముద్రం మీంచొచ్చే గాలే మన కొండ" అనేవారు.

ఆ గేర్లు మార్చే మీట హ్యాండిలు కుడి పిడిలోనే ఉండేది. మోటారు సైకిలు మీద యాక్సిలరేటరు తిప్పినట్టు ఆ పిడి మెలితిప్పాలి. వదిన కుడి మణికట్టు చిన్నప్పుడు విరిగి, వంకరగా అతుక్కుంది. పట్టుకోగలదు గానీ తిప్పలేదు. ఎంత ప్రయత్నించినా పిడి కదలకపోతే ఆమె కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయింది. మావయ్య కాసేపు ఆ చెయ్యి కేసి చూశారు. "కుడిచెయ్యి తిప్పలేదు. పోనీలే. ఎడంచెయ్యి తొయ్యగలదుగా" అని, ఆ పిడి ఊడబెరికారు. బస్సులో ఉన్నట్టు ఎడమవైపు గేరు రాడ్డు పెట్టాలని ఆయన ఆలోచన.

చెయ్యి తిరగని పిల్లను చూసి ఎవరైనా కుళ్ళుకుంటారా? నేను కుళ్ళుకున్నాను. నా రెండు చేతులూ బాగానే తిరిగేవి. వాటి కోసం ఎవరూ ఏదీ ఊడబెరకలేదు.

ఆ వేసవంతా నేను ఆయన పక్కనే ఉన్నాను. పిడిలోని గేరు మీటను ఫ్రేము కడ్డీకి ఎడమవైపు బిగించాం. దానికి ఇనపరాడ్డు అతికించి, పైన పాత బస్సు గేరు రాడ్డుకుండే నల్లటి గుండు పెట్టాం. పొడుగైపోయిన కేబులు కత్తిరించాం. తీరా చూస్తే అంతా తిరగబడింది. రాడ్డు వెనక్కి లాగితే ఫస్టు గేరు పడుతోంది.

"కుదరదు. ముందుకి తోస్తేనే ఫస్టు పడాలి. జన్మంతా అట్టాగే వేశాను, ఇప్పుడు సైకిలు చెప్పిందని మారతానా?" అన్నారు.

"మీట తిరగేసి బిగిద్దాం మావయ్యా. అటుది ఇటవుతుంది" అన్నాను.

ఆయన పానా కింద పెట్టి నా మొహంలోకి చూశారు. "అమ్మ మేస్త్రీ!" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన నన్ను పేరుతో పిలవలేదు.

వదిన అరుగు మీద కూర్చుని ముంజెలు తింటూ ఉండేది. "ఏం మేస్త్రీగారూ, నా బస్సెప్పుడు బయల్దేరుద్ది?"

"టిక్కెట్టు లేకుండా ఎక్కావంటే దింపేస్తా."

సైకిలు తయారైన రోజు మావయ్య సీటు తుడిచి, "ఎక్కు తల్లీ" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మేస్త్రీ, ఆ గుడ్డ ఇటియ్యి" అన్నారు. గుడ్డ ఇచ్చాను. తల్లీ అనే పిలుపు ఆ ఇంట్లో ఒక్కరికే ఉండేది.

ఆయన సైకిలు పక్కన పరిగెత్తుతూ నేర్పారు. "గేరు కేసి చూడకు తల్లీ. రోడ్డు కేసి చూడు. చెయ్యే వెతుక్కుంటది." గేరు మార్చే ముందు ఆయనకొక అలవాటు. గుండు మీద రెండు వేళ్ళతో టకటకా తట్టేవారు. బస్సులోనూ అంతే. టీ గ్లాసు ఎత్తే ముందు కూడా తట్టేవారు. తర్వాత రెండేళ్ళు మొవ్వ కాలేజీకి మేమిద్దరం ఎదురుగాలిలో తొక్కుకుంటూ వెళ్ళాం. ఆమె రాడ్డు తోసి తేలిగ్గా ముందుకెళ్ళేది. నేను నా మామూలు సైకిలు మీద నిలబడి తొక్కుతూ, నేను బిగించిన రాడ్డునే వెనక నుంచి చూస్తుండేదాన్ని.

ఆయన నాకేమీ తక్కువ చేయలేదు. డిగ్రీకి బందరు వెళ్తానంటే మా నాన్న వెనకాడాడు. "ఆ బస్సు డ్రైవరు నా దగ్గర పని నేర్చినవాడేనయ్యా, మేస్త్రీని గుమ్మంలో దింపుతాడు" అని మావయ్యే ఒప్పించారు. ఈ రోజు నేను నలుగురి ముందు నిలబడి పాఠం చెప్తున్నానంటే అందులో ఆ మాట ఉంది. అయినా మనసు కక్కుర్తిది. చదువు చాలక పిలుపు కూడా కావాలంది.

మొన్న జ్ఞాపకార్థ కూడిక అయ్యింది. ప్రార్థన ముగిసి, భోజనాలయ్యాక వదిన ఆ సైకిలు నడిపించుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"మేస్త్రీ, రాడ్డు ఊగుతోందే. కాస్త చూడవా?"

"ఇన్నేళ్ళ నుంచీ తొక్కుతున్నావు. బిగించుకోవడం రాదా?"

"నాకెక్కడ నేర్పాడు? అడిగితే, 'నీకెందుకు తల్లీ, మేస్త్రీ ఉందిగా' అనేవాడు."

ఆ రెండు పిలుపులూ ఆయన నోట ఒకే మాటలో ఉండేవని నాకు తెలియదు. ఆయన పానా తెచ్చుకుని కింద కూర్చున్నాను. మీట దగ్గర నట్టు వదులైంది. బిగించాను. ముందుకి తోసి చూశాను. ఫస్టు పడింది.

వదిన కొంగు దోపుకుని ఎక్కింది. సముద్రం వైపు నుంచి గాలి గట్టిగా కొడుతోంది. కాలవ వంతెన దగ్గర ఆమె ఎడమచెయ్యి కిందికి జారింది. చూపు రోడ్డు మీదే ఉంది. రెండు వేళ్ళు గుండు మీద టకటకా తట్టి, రాడ్డు తోశాయి. అది ఆమెకు ఎవరూ నేర్పలేదు. తను తడుతున్నట్టు ఆమెకు తెలుసో లేదో కూడా.

ఆమె వంతెన దిగేదాకా చూసి, చేతిలోని పానా మీద నేనూ రెండు వేళ్ళతో తట్టాను. ఆ చప్పుడు రాలేదు. ఇంకోసారి తట్టాను.