అన్నయ్య దగ్గు

దర్జీ దుకాణం మీద, మెట్లెక్కగానే ఎడమవైపు గది ఆమెది. రెండు మంచాలు, మధ్యలో తెల్ల తెర, కిటికీ పక్కన చిన్న బల్ల. పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. వీధంతా సూదులక్క అనేవాళ్లు. పదకొండేళ్లు నర్సుగా పనిచేశాక ఒక ముసలి వైద్యుడి దగ్గర ఆక్యుపంక్చర్ నేర్చుకుంది. జ్వరం పోయినా పోని దగ్గు, సీసాలకు సీసాలు మందు తాగినా లొంగని దగ్గు, నలుగురిలో కూర్చోనివ్వని దగ్గు అన్నీ ఆ మెట్లెక్కేవి. వెంట్రుకంత సన్నటి సూదులు మణికట్ల మీద, మోచేతి మడతల్లో, వీపున పైపైన గుచ్చి, ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోబెట్టేది. చాలామంది తెరిపిగా ఉందనేవాళ్లు. చెయ్యి మంచిదని పేరొచ్చింది. ఆ మాట వింటే ఆమెకూ లోలోపల బాగానే ఉండేది.

ఆమెను పెంచింది అన్నయ్య. అమ్మానాన్నలు పోయేనాటికి ఆమెకు తొమ్మిదేళ్లు, అతనికి ఇరవై. వడ్రంగి పని చేసి చెల్లెల్ని చదివించాడు. యాభై దాటాక అతనికి దగ్గు పట్టుకుంది. రంపప్పొట్టు పీల్చీ పీల్చీ వచ్చిందనుకున్నారు అందరూ.

"గొంతులో చెక్కముక్క ఇరుక్కున్నట్టుందే అమ్మాయ్. నీ మేకులు దిగ్గొట్టు, చూద్దాం," అంటూ మంచమెక్కాడు మొదటిరోజు.

సూదులు తీసేసరికి దగ్గు నెమ్మదించింది. మూడు రోజులకు మళ్లీ మొదలైంది. మళ్లీ వచ్చాడు. అలా వారానికి రెండుసార్లు, నాలుగు నెలలు. పరాయివాళ్లయితే మూడోవారమే ఛాతీ ఫొటో తీయించుకు రమ్మనేది. అన్నయ్యతో ఒక్కసారే అంది.

"నువ్వుండగా నాకు ఆసుపత్రెందుకే? నీ చెయ్యి పడితే హాయిగా ఉంటోంది."

ఆమె రెట్టించలేదు. ఆ మాట చెవికి తియ్యగా ఉంది.

ఒకరోజు వదిన కూడా వచ్చింది. "మెడ దగ్గర గుండీ పెట్టినా చొక్కాలో నాలుగు వేళ్లు దూరుతున్నాయి. నీకు కనబడట్లేదా?" అని అడిగింది.

కనబడలేదు. ఇన్నాళ్లూ సూది మొన చూసిందే తప్ప మనిషిని చూడలేదు. మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఊపిరితిత్తిలో గడ్డ.

"ఎన్నాళ్లుగా దగ్గుతున్నారు? ఏం వాడారు?" అన్నాడు డాక్టరు.

"నేనే మొండికేశానండీ, ఏమీ వాడలేదు," అన్నాడు అన్నయ్య.

"నేను సూదులు వేశాను. నాలుగు నెలలు," అంది ఆమె.

డాక్టరు ఆమెవైపు చూసి ఊరుకున్నాడు. నాలుగు మాటలు అనేసినా బాగుండేదనిపించింది. ముందే వచ్చుంటే ఏమయ్యేదో ఆయన చెప్పలేకపోయాడు.

అన్నయ్య ఇంకో ఏడు నెలలు బతికాడు. చివరి రోజుల్లో అతనే చెయ్యి చాపేవాడు, సూదులు వెయ్యమని. ఆమె వేసేది. వదిన గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వెళ్లిపోయేది.

అతను పోయిన వారానికి వదిన అంది: "నిన్ను తిట్టాలని లేదు. కానీ నీ మొహం చూస్తే ఆ నాలుగు నెలలే గుర్తొస్తున్నాయి. కొన్నాళ్లు రాకు."

ఆమె రెండు నెలలు గది తెరవలేదు. తెరిచాక తలుపు మీద ఒక బోర్డు పెట్టింది: మూడు వారాలు దాటిన దగ్గుకు ముందు ఛాతీ ఫొటో, డాక్టరు చీటీ. "సూదులక్క కంటే ఆవిడ బోర్డే ఎక్కువ గుచ్చుతోంది," అని కింద దర్జీ నవ్వేవాడు. వచ్చేవాళ్లు సగానికి సగం తగ్గారు. ఒక బస్సు కండక్టరు గొడవపడి, తలుపు ధడాలున వేసి మరీ వెళ్లాడు. ఏడెనిమిది నెలల తర్వాత మళ్లీ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"క్షయ అన్నారు. మందులు పూర్తయ్యాయి. మా పాపకి అంటలేదు," అన్నాడు. మెట్లు దిగిపోయాడు.

అన్నయ్య పోయిన ఏడాదిన్నరకు వదిన వచ్చింది. కూర్చోకుండానే, "దగ్గొస్తోంది. నెల దాటింది," అంది. బోర్డువైపు చూసింది. "నాకూ ఫొటోనా?"

"నీకే ముందు, వదినా."

ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లి, వరసలో బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. పేరు పిలిచినప్పుడు వదిన ఆమె మోచెయ్యి పట్టుకుని లేచింది. ఫొటోలో ఏమీ లేదు. జలుబు తర్వాత మిగిలిన దగ్గేనన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రం గదిలో సూదులు వేయించుకుంటూ వదిన కళ్లు మూసుకునే అడిగింది: "ఆయనకీ ఇలాగే ఉండేదా? నొప్పి లేకుండా?"

"నిద్రపోయేవాడు."

"వారం మొత్తంలో ఆ కాసేపే హాయిగా ఉండేదని నాతో అనేవారు. నీకు చెప్పబుద్ధి కాలేదు."

ఆమె తెర అవతలికి వెళ్లి, కొళాయి తిప్పి, చేతులు కడుక్కుంటూ చాలాసేపు నిలబడింది. తర్వాత వచ్చి సూదులు ఒక్కొక్కటే తీసింది.

దగ్గు పోవడానికి ఐదు వారాలు పట్టింది. సూదులకు తగ్గిందో, దానంతటదే పోయిందో ఆమె చెప్పలేదు, వదిన అడగలేదు. దగ్గు పోయాక కూడా వదిన గురువారాలు వస్తూనే ఉంది. మోకాళ్ల నొప్పులంటుంది.