వేదిక అంచున కూర్చుని పాడాను

గద్వాలలో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా బడి ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే సంగీతం నేర్చుకునేదాన్ని. ఏడాది చివర అందరి ముందు పాడి మెప్పిస్తేనే అది మరుసటి ఏడాదికి కొనసాగేది.

మాది ఒకే గది ఇల్లు. అందులో సగం గుంట మగ్గానిదే. అమ్మ గుంటలోకి కాళ్లు దించి చీర నేస్తుంటే, పక్కనే కూర్చుని అదే గుంటలోకి కాళ్లు వేలాడేసి, ఊపుతూ సాధన చేసేదాన్ని.

ఏడాది చివర పాడాల్సిన రోజు వేదిక మీద బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టాను. పల్లవి దాటకముందే తాళం తప్పింది. మళ్లీ అందుకున్నాను, మళ్లీ తప్పింది. ముందు వరుసలో పిల్లలు కిసుక్కుమన్నారు. మార్కులు వేసే సారు పెన్నుకు మూత పెట్టేశారు.

అంతలో వెనక నుంచి అమ్మ లేచింది. "సారూ, జర బిడ్డను కాళ్లు కిందికి ఇడ్సి కూసోనియ్యుండ్రి. ఇంట్ల మగ్గం కాడ గట్లనే పాడ్తది!"

హాలంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. సారు మాత్రం నవ్వలేదు. "రామ్మా, గీ అంచున కూసో" అన్నారు.

కూర్చున్నాను. కాళ్లు వాటంతటవే ఊగాయి. పాట చివరిదాకా ఎక్కడా ఆగలేదు.

స్కాలర్‌షిప్ నిలిచింది. అయినా ఇంటికి చేరేదాకా అమ్మతో మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసేది ఆ ఒక్కదానికే.

ప్రస్తుతం వనపర్తిలో పిల్లలకు సంగీతం చెబుతున్నాను. కొత్తగా వచ్చినవాళ్లు తడబడితే నేను మొదట అడిగేది ఒకటే. "ఇంట్ల ఎట్ల కూసొని పాడ్తవ్ బిడ్డా? గట్లనే కూసో."