దుప్పటి రెండో కొస

లాండ్రీలో ఆమెను అందరూ ‘నిదానం’ అనేవారు. ఇస్త్రీ బల్లల దగ్గర మిగతావాళ్లు చెమటలు కక్కుతూ ఉరుకులు పరుగులు పెడుతుంటే, ఆమె మాత్రం కూనిరాగం తీస్తూ పెట్టె నడిపేది. అయినా సాయంత్రానికి అందరికన్నా ఆమె మడతల దొంతరే ఎత్తుగా ఉండేది. “కొంపకు నిప్పంటుకున్నా జడ వేసుకునే బయటికొస్తావే నువ్వు” అని యజమానురాలు వేళాకోళం చేసేది.

ఇంట్లో ఆ నిదానమే తగువులకు మూలం. భర్త లారీ మెకానిక్కు. దేన్నయినా బిగించో, విప్పో, సుత్తితో రెండు బాదో దారికి తెచ్చే మనిషి. తండ్రికి మతిమరుపు జబ్బు ముదిరాక ఆయన్ని కూడా అలాగే దారికి తేవాలని చూశాడు. ఒకప్పుడు పేరు మోసిన తాపీమేస్త్రీ ఆ పెద్దాయన. ఇప్పుడు కొడుకు పేరు కూడా గుర్తులేదు. గదికి గొళ్లెం పెడితే తలుపు విరిగేలా గుద్దేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె స్నానం చేసి వచ్చేసరికి ఉయ్యాల ఖాళీగా ఉంది. ఇంకా నడకైనా రాని పిల్ల. మామయ్య మంచమూ ఖాళీయే. అంతలో మేడమీద నుంచి భర్త అరుపు వినబడింది.

మెట్లెక్కి చూసేసరికి ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. పిట్టగోడ ఇంకా కట్టని డాబా అది. పెద్దాయన అంచుకు వీపు పెట్టి నిలబడ్డాడు. చంకలో పిల్ల. కుడిచేత్తో ఎదుట లేని గోడకు సిమెంటు మెత్తుతున్నాడు.

“నాన్నా! పిల్లని నాకివ్వు!” భర్త ఒక అడుగు వేశాడు.

పెద్దాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. “ఎవడ్రా నువ్వు? పని దగ్గర అడ్డం రాకు.”

“నేను నాన్నా, నీ కొడుకుని!” భర్త ఇంకాస్త జరిగాడు. ఆయనా జరిగాడు. ఒక మడమ సగం గాలిలోకి వచ్చింది. ఇదేదో ఆటనుకుని పిల్ల కిలకిలా నవ్వింది. కింద వీధిలో ఎవరో “పట్టుకోండి, పట్టుకోండి” అని కేకలు పెట్టారు.

ఆమెకు ఏం చేయాలో తోచలేదు. తోచడం లేదన్న సంగతి కూడా తోచలేదు. తీగమీద దుప్పట్లు ఆరి ఎగురుతున్నాయి. చేతులు వాటంతట అవే పైకి లేచాయి. క్లిప్పులు తీసి రోజూలాగే పళ్ల మధ్య పెట్టుకుని, ఒక దుప్పటి లాగి దులిపింది.

“ఏంటే ఈ పని?” భర్త పళ్లు కొరికాడు. ఆమె చెవికెక్కలేదు. అంత పెద్ద దుప్పటి ఒక్కరివల్ల మడతపడదు. రోజూ రెండో కొస పట్టే మనిషి వైపే తిరిగి, క్లిప్పులు నేలమీద వదిలింది.

“మామయ్యా, కాస్త పట్టండి. మట్టి అంటుతోంది.”

పెద్దాయన చెయ్యి ఆగింది. దుప్పటి కేసి చూసి విసుక్కున్నాడు. “వస్తున్నానమ్మా. ప్రతిదానికీ నేనే రావాలి మీకు.”

డాబా మధ్యకు వచ్చి, పిల్లను కింద కూర్చోబెట్టి, కొసలు అందుకున్నాడు. భర్త పిల్లను ఎత్తుకుని మెట్లకేసి పరుగెత్తాడు. వాళ్లిద్దరూ మాత్రం దుప్పటి మడత పూర్తిచేశారు. “మూలలు కలపమ్మా, మూలలు” అని ఆయన దిద్దాడు కూడా. అప్పుడామె ఉన్నచోటే కూలబడింది.

“అంత ఉపాయం ఎలా తట్టిందే నీకు?” సాయంత్రం భర్త అడిగాడు.

“ఉపాయమా? దుప్పట్లు ఆరాయి కదా.”

అతనికి నమ్మకం కుదరలేదు. కొన్నాళ్లకు తండ్రి మాత్ర వేసుకోనని మొండికేస్తే, “నాన్నా, ఈ పంచె పట్టు” అంటూ వెళ్లాడు. పెద్దాయన పంచెను చూడలేదు, కొడుకు కళ్లను చూశాడు. “రెండో చేతిలో ఏం దాచావురా?” అని నోరు బిగించేశాడు.

పిట్టగోడకు వేరే మేస్త్రీని పిలవలేదు. ఈసారి నడుముకు తాడు కట్టి, అంచుకు ఇవతలే కూర్చోబెట్టి తండ్రి చేతికే తాపీ ఇచ్చారు. కొడుకు ఇటుకలు అందించాడు. ఒక వరస వంకరపోయింది. సరిచేయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకో ఇటుక అందించాడు.

ఆ తర్వాత పెద్దాయన రెండేళ్లు బతికాడు. కొడుకు పేరు మళ్లీ గుర్తు రాలేదు. “ఒరేయ్ కూలీ” అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. మాత్ర ఒక్కోరోజు వేసుకునేవాడు, ఒక్కోరోజు ఉమ్మేసేవాడు.